నడుము వాళ్లది... కొలత వాళ్లనే అడగాలి

మాధవరం: 2018లో ఇక్కడ బస్టాండు వచ్చాక ఆంధ్రా నుంచి పనికొచ్చే మనవాళ్లు చాలామంది దిగేది మాధవరంలోనే. చుట్టూ గోదాములు, కార్ఖానాలు. పని దొరుకుతుంది, దాంతోపాటు నడుము నొప్పీ వస్తుంది.

నిలబడి పనిచేసేవారికి కాస్త వీలు చిక్కితే కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దుకాణాల సిబ్బందికి తమిళనాడు ఆ హక్కు ఇచ్చింది 2021లో. అంటే ఫ్యాక్టరీలకు 73 ఏళ్ల ముందే కుర్చీ రాసిపెట్టారు. రాస్తే సరిపోతుందా?

బల్ల ఎంత ఎత్తుండాలి, పెట్టె ఏ పక్కన పెడితే ఒళ్లు తిప్పక్కర్లేదు... ఇవి ఆఫీసు గదిలో తేలవు. రోజంతా వంగి లేచేవాడికే తెలుస్తాయి. బల్ల కాళ్ల కింద చెక్కలు వేయడానికి లక్షలు కావాలా?

భోపాల్ ఘోరం తర్వాత, 1987 సవరణతో, ప్రమాదకర ఫ్యాక్టరీల భద్రతా కమిటీల్లో కార్మికులకు సమాన వాటా దక్కింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ కూడా కార్మిక ప్రతినిధులు యాజమాన్యం వారికన్నా తగ్గకూడదంటోంది. అయితే కమిటీ ఎక్కడ వేయాలన్నది ప్రభుత్వ ఉత్తర్వును బట్టే. చిన్న షెడ్లు, కాంట్రాక్టు కూలీలు బయటే మిగిలిపోయే ప్రమాదముంది.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నొప్పొచ్చాక మాత్ర ఇచ్చేకన్నా, బల్ల వేసేముందు కూలీని ఒక్కమాట అడగడం యాజమాన్యానికీ లాభమే.