రాతిపువ్వును కొనుక్కుంటాం, మామిడి మాను మీద లైకెన్‌ని మాత్రం గీకేస్తాం!

బిర్యానీలో వేసే రాతిపువ్వు మనందరికీ తెలుసు. పేరుకే పువ్వు, నిజానికి అది మొక్క కూడా కాదు. అది లైకెన్. అంటే ఒక ఫంగసూ ఒక నాచూ కలిసి చేసే కాపురం. ఫంగస్ ఇల్లు కట్టి తేమ నిలుపుతుంది, నాచు ఎండతో వంట చేస్తుంది. మన మామిడి, చింత మానుల మీద కనిపించే బూడిద రంగు మచ్చల్లో చాలావరకు ఈ కోవవే. జాతులు వేరు, బతికే తీరు ఒకటే.

చాలామంది దీన్ని తెగులనుకుని గీకేస్తున్నారు, బోర్డో మిశ్రమం కొడుతున్నారు. అవసరం లేదండీ. లైకెన్‌కి వేర్లు ఉండవు. చెట్టు రసం పీల్చదు, బెరడును పట్టుకుని ఉంటుంది అంతే. తిండి గాలి, వాన, ఎండ నుంచే. ఆకు పలచబడిన చెట్టుకి వెలుతురు ఎక్కువ తగులుతుంది కాబట్టి లైకెన్ ఎక్కువ కనిపిస్తుంది. చెట్టు నీరసానికి కారణం వేరే వెతకాలి. అనుమానం ఉంటే మచ్చ మీద నీళ్లు చల్లండి, చాలా రకాలు కాసేపట్లో పచ్చబడతాయి. బంక కారుతున్నా, బెరడు మీద పిప్పితో గూడు కట్టి ఉన్నా అది వేరే సమస్య, దానికి వైద్యం చెయ్యాల్సిందే.

ఇక రాతిపువ్వు సంగతి. దీని శాస్త్రీయ నామం పార్మోట్రెమా పెర్లాటం, కుటుంబం పార్మెలియేసీ. 1762లో ఇంగ్లండుకు చెందిన విలియం హడ్సన్ దీనికి మొదట పేరు పెట్టాడు. యూరప్ అడవుల్లోనూ ఉంది, మన దేశంలో హిమాలయాలు, నీలగిరుల వంటి చల్లటి కొండల్లోనూ ఉంది. బజారు పొట్లంలో మాత్రం ఇదొక్కటే ఉండదు, పోలికగల నాలుగైదు జాతులు కలిసిపోయి వస్తాయి. ఏ జాతి ఎంత పోతోందో లెక్క తేలకపోవడానికి ఇదొక కారణం. ప్రపంచ ఎర్ర జాబితా కోసం పరిశీలించిన లైకెన్లు చాలా తక్కువ. అందుకే "మామూలుగా దొరికేదే" అన్న మాటని నమ్మి ఊరుకోకూడదు.

దీన్ని పొలంలో పండించడం లేదు. అంతా అడవి నుంచి వచ్చేదే. ఇలాంటి లైకెన్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. అరచేతి వెడల్పు ముక్క వెనక ఏళ్లకేళ్లు ఉంటాయి.

సేంద్రియ దుకాణాల్లో దీన్ని "అడవి నుంచి, సహజం" అని అమ్ముతున్నారు. మందు కొట్టకపోతే సహజం అయిపోతుందా? తీసినంత మళ్లీ పెరిగితేనే కదా! అమ్మేవాళ్లని అడగండి: ఎక్కడిది, రాలిన కొమ్మల మీదిదా, మాను మొత్తం గీకి తెచ్చిందా అని. వంటలో చిటికెడు చాలు.

మన తోటలో మాత్రం ఖర్చు లేని పని ఒకటుంది: మాను మీది లైకెన్ జోలికి పోకపోవడం. గాలిలో గంధకపు పొగ పెరిగితే ముందు చచ్చేవాటిలో లైకెన్లు ఉంటాయి. అవి మీ తోటలో బాగున్నాయంటే అక్కడి గాలి ఇంకా బాగున్నట్టే.