కూతకూ కోతకూ లెక్క ఒకటే



ముప్పై యేళ్ళపాటు పిల్లలకు ఛందస్సు చెప్పిన పంతులు చెడుగుడు గురించి వ్రాయటమేమిటని మీరు నవ్వవచ్చు. గురులఘువులు లెక్కించిన కంటికి తప్పుడు లెక్క కనబడితే చేయి ఊరుకోదు. పైగా బడి మైదానంలో సున్నంతో గీతలు గీయించి, కూతలకు సాక్షిగా నిలబడినవాణ్ణి నేను.

కొన్నేళ్ళ క్రితం ఒక జట్టు ఎంపికలో నా శిష్యుణ్ణొకణ్ణి పక్కన పెట్టారు. కారణం, పాయింట్లు తక్కువట! ఎంపికైనవాడికి పాయింట్లు ఎక్కువే, కాదనను. కానీ వాడు ఎన్నిసార్లు పట్టుబడ్డాడో వ్రాయటానికి ఆ కాగితంలో గడియే లేదు. అడిగితే, "మాస్టారూ, జనానికి కావలసింది పాయింట్లేనండీ" అన్నారు. క్రీడాకోటాలో ఉద్యోగం వస్తుందని ఆశపడిన మావాడు ఆ యేడు మిరపకోతకు కూలికి వెళ్ళాడు.

అసలు లెక్క చూడండి. కూతకు వెళ్ళినవాడు ఒకణ్ణి తాకి నడిగీత చేరితే ఒక పాయింటు. అవతల ఒకడు చస్తాడు, మనలో చచ్చినవాడొకడు బతుకుతాడు. పట్టుబడితే సరిగ్గా దీనికి తలక్రిందులు. ఎదుట ముగ్గురో అంతకన్న తక్కువమందో ఉన్నప్పుడు పట్టుబడితే వారికి రెండు పాయింట్లు. పైగా మన మేటి కూతగాడే గీత అవతల కూర్చుంటాడు. నూరు కూతల్లో 50 పాయింట్లు తెచ్చి 40 సార్లు చచ్చినవాడు మిగిల్చినవి పదే. 35 తెచ్చి పదిసార్లు మాత్రమే చచ్చినవాడు మిగిల్చినవి 25. ఎవడు ఘనుడు?

2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుండీ పాయింట్ల మోజు మరీ ముదిరింది. 2017లో పర్‌దీప్ నర్వాల్ ఒక్క సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. మహత్తరమైన విషయమే, నేనూ చప్పట్లు కొట్టాను. అయితే ఆ 369 చాలామందికి నోటికి వచ్చు. పట్టుబడిన సంఖ్య ఎందరికి వచ్చు?

అమెరికాలోని మా మనుమడి పుణ్యమా అని బేస్‌బాల్ చూడటం అబ్బింది. అందులోనూ మన కూతలాంటి సాహసముంది. బంతి విసిరేవాణ్ణి ఏమార్చి తరువాతి బేస్‌కు పరుగెత్తటం. దొరికితే ఔటే. ఈ విద్యలో రికీ హెండర్సన్ చక్రవర్తి. 1979 నుండి 2003 వరకు 1,406 సార్లు నెగ్గాడు, 335 సార్లు దొరికిపోయాడు. అక్కడివారు ఈ రెండో సంఖ్యను దాచరు. దొరికితే మనిషీ పోతాడు, జట్టుకున్న మూడు ఔట్లలో ఒకటీ ఖర్చవుతుంది. అందువల్ల దొరికిన నష్టం నెగ్గిన లాభానికి సుమారు రెట్టింపని వారి లెక్క. అంటే మూడింట రెండుసార్లయినా నెగ్గనివాడు పరుగెత్తకుండా ఉండటమే జట్టుకు మేలు.

ఆ తూకంతో చూస్తే చిత్రం బయటపడుతుంది. 1982లో హెండర్సన్ 130 సార్లు నెగ్గి రికార్డు సృష్టించాడు, 42 సార్లు దొరికాడు. నికరం 46. మరుసటి యేడు నెగ్గినవి 108, దొరికినవి 19. నికరం 70. లోకం కీర్తించేది 1982ను. జట్టుకు ఎక్కువ మిగిల్చింది 1983!

ఇది మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేని లెక్క. గుంటూరు యార్డులో ఎన్ని టిక్కీలు దించావన్నది గొప్ప కాదు. తాలు ఏరివేసి, కౌలూ పురుగుమందూ కోతకూలీ పోను చేతికేమి మిగిలిందన్నదే బ్రతుకు. పత్తి ఎంత పండిందో చెప్పి అప్పు సంగతి చెప్పనివాణ్ణి ఊళ్ళో ఎవరైనా నమ్ముతారా?

"అయితే పట్టుబడతామన్న భయంతో ఊరికే తిరిగివచ్చేవాడే గొప్పవాడా?" అని మీరడగవచ్చు. కాదు. వరుసగా రెండు కూతలు వట్టిపోతే మూడోది చావోరేవో. ఆ కూతకు ఎవరిని పంపారో కూడా వ్రాయాలి. కష్టసమయాల్లో వెళ్ళి చచ్చినవాడినీ, తేలిక సమయాల్లో వెళ్ళి బతికినవాడినీ ఒకే త్రాసులో తూచరాదు.

కనుక ఊరి సంక్రాంతి పోటీలు నడిపేవారికీ, ఎంపిక చేసే పెద్దలకూ నా విన్నపం ఒకటే. తెచ్చినవెన్ని, చచ్చినవెన్ని, చావోరేవో కూతలెన్ని అని మూడు గడులు గీయండి. అందుకొక రూళ్ళకర్ర చాలు. ఆ రెండు గడులు లేకపోబట్టే ఒక పిల్లవాడి చేతికి పతకానికి బదులు మిరపగంప వచ్చింది.

కాదనేవారు వ్యాఖ్య వ్రాయండి. వాదానికి నేను సిద్ధమే.