పశువునకు నోరు లేదు, పశుపాలకునకు కలదు

మన రెండు తెలుగు రాష్ట్రములయందును పశుసంవర్ధక శాఖలు కలవు. మంత్రులు, సంచాలకులు, పశువైద్యులు కలరు. టీకాలకు పట్టికలు కలవు, పథకములకు పేర్లు కలవు. పశువులను మేపి, నీరు పెట్టి, రాత్రులు కావలి కాచి, వానివలననే బ్రదుకుచున్నవాడు హక్కుగా కూర్చుండి తన మాట చెప్పుకొనుటకు మాత్రము పీట లేదు. ఈ లోపము చిన్నది కాదు. పశుపోషకుల ప్రతినిధులతో కూడిన రాష్ట్ర సలహామండలిని చట్టముచేత స్థాపింపవలెనని మేము కోరుచున్నాము.

ఇది కొలదిమంది గోడు కాదు. 2019 సంవత్సరపు పశుగణన ప్రకారము తెలంగాణమున 1 కోటి 90 లక్షలకు మించియు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలును గొఱ్ఱెలు కలవు. దేశమున మొదటి రెండు స్థానములును మనవే. భారతదేశమందలి గొఱ్ఱెలలో సగమునకు కొంచెము తక్కువ ఈ రెండు రాష్ట్రములలోనే యున్నవి. వాని వెనుక నడచువారు గొల్లలు, కురుమలు, సెంటు భూమియైనను లేని పేదలు. తెల్లవారకమున్నే గేదెను పిదికి పాలకేంద్రమునకు బిందె మోయు ఇల్లాలును, వేరుసెనగ ఎండిన ఏట రెండావుల పాలతో సంసారము నీదుచున్న అనంతపుర రైతును ఈ లెక్కలోనివారే.

పరప్రభుత్వపు దినములలో మన పశుపాలకుడు పడిన పాట్లు పాఠకులెఱిగినవే. అడవిలో పసరము మేసినందుకు పుల్లరి. పరుల చేనిలో అడుగిడినందుకు బందెలదొడ్డి. 1921-22లో పల్నాటి ప్రజలు పుల్లరి చెల్లింపమని ఎదురు తిరిగిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరిగెను. తరువాత లిన్‌లిత్‌గో ప్రభువు అధ్యక్షతను వ్యవసాయ రాజసంఘము దేశము తిరిగి 1928లో నివేదిక నిచ్చెను; దాని ఫలముగా 1929లో వ్యవసాయ పరిశోధనా మండలి ఏర్పడెను. పండితులకును అధికారులకును సభ కుదిరినది; మందకాపరికి కుదురలేదు.

ఆ దొరలు వెడలిపోయిరి. 1950లో మన రాజ్యాంగము అమలునకు వచ్చెను. పశుగణముల రక్షణయు, అభివృద్ధియు, రోగనివారణయు రాష్ట్రముల జాబితాలో 15వ అంశముగ చేరినవి. పశుపాలనను ఆధునిక శాస్త్రీయ పద్ధతులను నడపవలెనని 48వ అధికరణము నిర్దేశించుచున్నది. కావున ఈ విషయమున ఢిల్లీవైపు వ్రేలు చూపి తప్పించుకొను వీలు రాష్ట్రప్రభుత్వములకు లేదు. పుల్లరి అడుగు దొర నేడు లేడు. కాపరిని పిలిచి సలహా అడుగు దొరయు లేడు.

అడుగకుండుటవలన కలుగు నష్టమెట్టిదో ఒక్క ఉదాహరణము చాలును. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ పథకమును ఆరంభించెను. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు. వెల 1,25,000 రూపాయలు. అందు గొల్లకురుమలు చెల్లింపవలసినది 31,250 రూపాయలు. ఉద్దేశము మంచిదే. కాని ఏ పల్లెలోని ముసలి కురుమను పిలిచి అడిగినను మూడు ప్రశ్నలు వేసియుండును. ఇన్ని మందలకు మేత యేది? పరరాష్ట్రముల నీటికిని గడ్డికిని అలవడిన జీవములను లారీల కెక్కించి తెచ్చినచో ఎన్ని నిలుచును? నేడు కొన్న గొఱ్ఱెయే రేపు మరల అమ్మకమునకు రాకుండ చూచువారెవరు? ఈ ప్రశ్నలకు ముందుగా జవాబు వెదుకలేదు. 2024లో శాసనసభ ముందునకు వచ్చిన కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు నివేదికలో ఏమి తేలెను? గొఱ్ఱెలను మోసినవని లెక్క వ్రాసిన బండ్లలో కొన్ని ద్విచక్రవాహనములు, కొన్ని ఆంబులెన్సులు! ఆ యేటనే అవినీతి నిరోధక శాఖవారు కొందఱు ఉద్యోగులను నిర్బంధించిరి. ఎద్దు ఈనెననగా దూడను కొట్టమున కట్టివేయుమన్నట్లు కాగితముల మీద మందలు నడచినవి. ఏ పక్షము ఏలినను, అడుగువారు లేనిచోట ఇట్లే జరుగును.

నిత్యజీవనమున ఇట్టివి ఎన్ని లేవు? గొంతువాపునకును చిటుకరోగమునకును టీకా తొలకరికి ముందు పడవలెను. వానలు పడి రోగము మందలో జొచ్చిన పిమ్మట వచ్చు సీసా ఎవరికి? వరికోత యంత్రము వచ్చినది. గడ్డి చేనిలో చెదరిపోవుచున్నది, పలుచోట్ల తగులబడుచున్నది. పశువు దొడ్డిలో ఆకలిగొనుచున్నది. యంత్రమునకు సాయమిచ్చునపుడు గడ్డి సంగతి పశుపోషకుని అడిగినవారెవరు? వేసవిలో మందలను తోలుకొని మెట్టనుండి డెల్టాకు దిగు కాపరి, రైతుపొలమున మంద నిలిపి ఎరువు సమకూర్చును. దారిలో అతనికి నీటితావు లేదు, రాత్రి విడిదికి చోటు లేదు, దొంగలు పడినచో వినువారు లేరు. పాలలోని వెన్నశాతమును కొలుచు యంత్రము కొనువాని చేతిలో నుండగా, అమ్ము స్త్రీ ఆ అంకెను నమ్మక యేమి చేయును?

మన ఒంగోలు జాతి కథ మఱియు సిగ్గు గొలుపునది. ఆ పశువు సముద్రము దాటి బ్రెజిలు చేరి నెల్లూరు పేరున నెలోర్‌గా వర్ధిల్లినది. 2023లో అచట ఆ జాతి ఆవొకటి ప్రపంచమందలి ఆవులన్నిటికంటె ఎక్కువ వెల పలికెను. ఆ దేశమున ఆ జాతి వంశావళి గ్రంథమును ప్రభుత్వపు అనుమతితో పశుపోషకుల సంఘమే నడుపుచున్నది. జాతి మనది, పేరు మనది. పెంపకమున పశుపోషకునకు అధికారమిచ్చినది మాత్రము వారు.

ఇక ఆక్షేపణలు. శాఖలో పండితులుండగా కాపరి చెప్పునదేమని కొందఱందురు. పాండిత్యమును మేము గౌరవింతుము. కాని 2011లో ప్రపంచమునుండి తుడిచివేయబడినట్లు ప్రకటింపబడిన దొడ్డరోగపు చరిత్ర చూడుడు. ఆఫ్రికాలోని మారుమూల మేతభూములలో ఆ రోగమును తఱుమగలిగినది, వేడికి చెడని టీకాను స్థానిక పశుకాపరుల చేతికే ఇచ్చి, తర్ఫీదు చేసి, వారినే నమ్మినప్పుడు. పండితునకు టీకా తెలియును. మంద ఎచట నున్నదో కాపరికి తెలియును.

సహకార సంఘములున్నవి కదా యని మఱికొందఱు. 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారులు తమ సంఘమును తామే కట్టుకొని ఎంత సాధించిరో లోకమెఱుగును. అది మా వాదమునకే బలము. అయితే పాలసంఘము పాలమాట చెప్పును. గొఱ్ఱెమాట, మేకమాట, పెరటికోడిమాట చెప్పువారెవరు? జంతుహింస కూడదని చూచుటకు 1962లోనే దేశమున జంతుసంక్షేమ మండలి ఏర్పడినది, సంతోషము. పశువు కొఱకు సభ యుండగా పశుపాలకుని కొఱకు ఉండరాదా?

సభలు నిద్రించునను మాట నిజమే. అందుచేతనే మా షరతులు కొన్ని. సభ్యులలో మూడింట రెండువంతులు స్వయముగ పశువులను పెంచువారై, సంఘములచే ఎన్నుకొనబడవలెను. మూడవవంతు స్త్రీలుండవలెను, సంచార కాపరులకును భూమిలేనివారికిని స్థానములుండవలెను. పాలవ్యాపారులకును, మందులు, దాణా అమ్మువారికిని చోటుండరాదు. మూడు నెలలకొకమారు సభ జరుగవలెను. రాజధానిలోనే గాక అనంతపురమునను, మహబూబ్‌నగరమునను కూడ జరుగవలెను. కార్యక్రమము తెలుగున అచ్చుపడవలెను. పశువులపై పెద్దమొత్తములు వెచ్చించు ప్రతి పథకమును ఆరంభమునకు ముందే మండలి చూడవలెను. మండలి సలహాకు ప్రభుత్వము 60 దినములలో లిఖితపూర్వకముగ జవాబీయవలెను. త్రోసివేసినచో కారణములను శాసనసభ ముందుంచవలెను. ధనము వెచ్చించు అధికారమును మండలికి మేము కోరము; కావున అది స్వాహాకారులకు నెలవగునను భయమునకు తావు లేదు.

గ్రంథాలయములందు ఈ పత్రికను చదువు పట్టణవాసులకు మా మనవి ఒక్కటి. ఉదయపు కాఫీలోని పాలును, పండుగనాటి మాంసమును మన యింటికి వచ్చుచున్నవి. వానిని పంపిన చేతులకు మీరు ఋణపడియున్నారు. మీ గ్రంథాలయ సభలలో తీర్మానములు చేయుడు. మీ శాసనసభ్యుని పిలిచి, ఈ మండలికి బిల్లు తెచ్చునో లేదో సూటిగ అడుగుడు. గ్రామసభలలో గొల్లపెద్దలను, పాలు పోయు స్త్రీలను ముందువరుసలో కూర్చుండబెట్టి మాటాడనిండు. శాసనసభ తదుపరి సమావేశములలో ఈ బిల్లు రావలెను. రానిచో, ఎందుకు రాలేదో చెప్పు భారము మంత్రులది. అడుగు భారము మనది.