కూలిన కోట కాదు, కూల్చిన కోట

శిథిలం అనగానే ఎండావానలు, వందల ఏళ్లు గుర్తొస్తాయి. ఇంగ్లండ్‌లోని డార్సెట్ ప్రాంతంలో ఉన్న కార్ఫ్ కోటను మాత్రం కాలం కూల్చలేదు. 11వ శతాబ్దంలో విలియం రాజు హయాంలో మొదలైన ఆ రాతికోటను 1646లో పార్లమెంటు తీర్మానం చేసి మరీ పేల్పించింది.

రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో కోట యజమాని సర్ జాన్ బ్యాంక్స్ రాజు పక్షం. 1643లో పార్లమెంటు సేన ముట్టడించినప్పుడు ఆయన ఊళ్లో లేడు. భార్య మేరీ కూతుళ్లనూ పనికత్తెలనూ వెంటేసుకుని, గోడెక్కుతున్న వాళ్లమీద రాళ్లు, నిప్పుకణికలు కుమ్మరించింది. ముట్టడి వీగిపోయింది. రెండోసారి ముట్టడిలో, 1646లో, కోట లోపలి అధికారే శత్రువులను సహాయక బలగమని నమ్మించి లోనికి తెచ్చాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా!

ఆ తర్వాత గోడల కింద తవ్వి మందుగుండు కూరారు. నైరుతి ద్వారం దగ్గర నిలబడి చూస్తే ఆ దెబ్బ ఇప్పటికీ కనిపిస్తుంది: జంట బురుజుల్లో ఒకటి చెక్కుచెదరకుండా నిలువునా కిందికి జారి ఆగింది, కమాను రెండుగా చీలింది. రాలిన రాళ్లను ఊరివాళ్లు ఇళ్లకు వాడుకున్నారు. కోట తాళంచెవులు మేరీ దగ్గరే ఉండిపోయాయి. కొడుకు కట్టించిన కింగ్‌స్టన్ లేసీ భవనంలో నేటికీ చూడొచ్చు.

ఈ సంచికను శిథిలమైన కోటలకు కేటాయించాం. కట్టిన రాజుల గురించి ఎన్నో పుస్తకాలున్నాయి. కూల్చిందెవరు, ఎందుకు కూల్చారన్నదే రాయమని మా రచయితలను కోరాం.