తొడిమ దగ్గర ఆగిన డబ్బు

గుంటూరు నుంచి కొలంబోకు ఒక కంటైనర్ ఎండుమిర్చి వెళ్లిందనుకుందాం. తేజ రకం. కూలీలు రోజుల తరబడి కూర్చుని ఒక్కో కాయకూ తొడిమ తుంచారు. తేమ చూసి, బస్తాలు కుట్టి లారీకి ఎత్తారు. చెల్లింపు హామీగా కొనేవాడి బ్యాంకు తెరిచిన లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ)లో ‘ఎండుమిర్చి, తేజ, తొడిమ లేనిది’ అని ఉంది. ఎగుమతిదారు ఆఫీసులో కుర్రాడు ఇన్వాయిస్ మీద ‘ఎండుమిర్చి, తేజ’ అని కొట్టి ఊరుకున్నాడు. సరుకులో తొడిమ లేదు. కాగితంలో ‘తొడిమ లేనిది’ అన్న మాట లేదు. బ్యాంకు డబ్బు ఆపేసింది.

అన్యాయంగా తోస్తుంది కానీ రూలు అదే. పారిస్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ వాణిజ్య మండలి తయారుచేసిన యూసీపీ 600 నిబంధనలు 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాంకుకు కాగితాలతోనే పని, సరుకుతో కాదు. ఇన్వాయిస్‌లో సరుకు వివరం ఎల్‌సీలో ఉన్నదానికి సరిపోవాలి. ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ వంటి మిగతా పత్రాల్లో మాత్రం, ఎల్‌సీతో తేడా రానంతవరకు, ‘ఎండుమిర్చి’ అని క్లుప్తంగా రాసినా చెల్లుతుంది. ఈ భేదం తెలిసినవాడికి ఇది అర నిమిషం పని. గడువు ఉండగా మన బ్యాంకే పట్టుకుంటే దిద్దుకోవచ్చు. అవతలి బ్యాంకు దాకా వెళ్తే మాత్రం, పత్రాలు అందాక అయిదు పనిదినాల్లో అది తప్పు చూపించి చెల్లింపు నిరాకరించవచ్చు. ఇక డబ్బు రావడం, రాకపోవడం కొనేవాడి దయ. ఈలోగా కొలంబోలో మిర్చి ధర దిగిందా, కిలోకు ఇంత తగ్గించమని చాలా మర్యాదగా అడుగుతాడు.

ఎగుమతి రంగంలో నైపుణ్యం అంటే ముందు ఇదీ. మన దగ్గర ఆ పేరుతో అమ్ముడుపోతున్నది వేరు. ఆదివారం హోటల్ హాలు, ప్రొజెక్టర్, ‘ఇంట్లో కూర్చుని డాలర్లు’ అనే బ్యానర్. అక్కడ ఉత్సాహంగా నేర్పే మొదటి పాఠం ఎగుమతి దిగుమతులకు కావలసిన ఐఈసీ నంబరు తీసుకోవడం. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి ఎవరికివారు చేసుకునే దరఖాస్తు అది. డ్రైవింగ్ స్కూల్లో చేరితే తాళంచెవి జేబులో ఎలా వేసుకోవాలో చూపించి పంపినట్టుంటుంది.

పెద్ద చదువులకు లోటు లేదు. 1963లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ 2022లో కాకినాడలో తన మూడో క్యాంపస్ తెరిచింది. ఇంటర్ తర్వాత అయిదేళ్లు చదివితే బీబీఏ, ఎంబీఏ రెండూ చేతికొస్తాయి. సత్యసాయి జిల్లా పాలసముద్రంలో కస్టమ్స్ అధికారులకు శిక్షణ ఇచ్చే ‘నాసిన్’ ప్రాంగణాన్ని 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. అంటే వ్యూహం గీసే మేనేజర్‌కూ, కాగితాలు తనిఖీ చేసే అధికారికీ మన నేల మీదే బడి ఉంది. ఆ కాగితాలు రాసే కుర్రాడికే లేదు. బీకాం చదివేటప్పుడు బిల్ ఆఫ్ లేడింగ్ నిర్వచనం పరీక్షలో రాసి ఉండొచ్చు గానీ, అసలు బిల్లు వేలితో తాకి ఉండడు.

అతనికి ఉన్న దారి కస్టమ్స్ బ్రోకర్ దగ్గర చేరడమే. విశాఖలోనో, చెన్నైలోనో. 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనలు ఇందులో మూడు మెట్లు పెట్టాయి. పరీక్ష రాయని ఉద్యోగికి హెచ్ కార్డు. కస్టమ్స్ పెట్టే పరీక్ష గట్టెక్కితే జీ కార్డు. సొంత లైసెన్సుకు దారితీసే పై పరీక్ష పాసైతే ఎఫ్ కార్డు. ఆ పై పరీక్షకు ఎంబీఏ వంటి డిగ్రీ ఉన్నవారు కూర్చోవచ్చు. అది లేని పట్టభద్రుడైనా జీ కార్డు మీద రెండేళ్లు పనిచేసి ఉంటే చాలు. పని చేసిన చెయ్యికి చట్టమే విలువ కట్టింది, కాలేజీలే ఇంకా కట్టలేదు. తేజ మిర్చిని కాయగా పంపితే కస్టమ్స్ కోడ్ 0904 21, దంచి పంపితే 0904 22 అన్న సంగతి ఈ దారిన వచ్చినవాడికి నిద్రలో లేపి అడిగినా నోటికొస్తుంది.

రొయ్యల విషయం ఇంకా చిక్కు. భీమవరం చెరువు గట్టు మీద కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలని. అమెరికా ప్యాకెట్ మీద కౌంటు పౌనుకు లెక్క, అదీ చాలాసార్లు తల తీశాక. ఈ రెంటినీ మనసులోనే మార్చుకోలేనివాడు ఫోన్లో బేరం ఆడితే నష్టం బేరంలోనే మొదలవుతుంది. దీని పైన సుంకాలు. మన రొయ్యల మీద అమెరికాలో 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం ఉంది. దాన్ని ఏటా సమీక్షించేటప్పుడు అక్కడి వాణిజ్య శాఖ అన్ని కంపెనీల లెక్కలూ చూడదు. సాధారణంగా రెండు మూడింటిని ఎంచుకుంటుంది. వాటి అమ్మకాలు, ఖర్చులు తేలాక వచ్చిన రేటును బట్టే మిగతా వాళ్లకూ సుంకం పడుతుంది. ఎవరో ఒక అకౌంటెంట్ ఆ శాఖ పంపే ప్రశ్నావళికి ఎంత పకడ్బందీగా జవాబు రాశాడన్నది తనకు ముఖం తెలియని ఆక్వా రైతు చెరువు ధర దాకా వస్తుంది. ఆ చదువు మన దగ్గర ఎక్కడ చెబుతారో ఆ రైతును కాదు, ఆ అకౌంటెంట్‌నే అడిగి చూడండి. ‘పని చేస్తూ నేర్చుకున్నా’ అంటాడు.

2025 ఆగస్టు 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు అందరూ యూరప్‌కు, జపాన్‌కు మళ్లమని సలహా ఇచ్చారు. మళ్లడం మాటలా? యూరప్ 2016 నుంచి మన రొయ్యల లోడుల్లో సగానికి సగం నమూనా తీసి యాంటీబయాటిక్ అవశేషాలు వెతుకుతోంది. నైట్రోఫ్యూరాన్ జాడ దొరికిందంటే ఆ సరుకు పని అయిపోయినట్టే. కొత్త మార్కెట్ వెతకాలంటే ముందు ల్యాబ్‌లో ఆ అవశేషాలు పట్టే యంత్రం దగ్గర కూర్చోగల మనిషి కావాలి, మేత సంచీ మీద ఏముందో, ఏ మందు ఏ చెరువులో పడిందో రాసిపెట్టే మనిషి కావాలి. సేల్స్‌మన్ వంతు ఆ తర్వాతే.

అనుభవజ్ఞులు కూడా తరచూ తప్పే చోటు ఒకటి ఉంది. కంటైనర్ సరుకును కూడా మనవాళ్లు అలవాటుగా ‘ఎఫ్‌ఓబీ చెన్నై’ అని ధర చెబుతారు. ఎఫ్‌ఓబీ అంటే ఓడ మీదికి ఎక్కేదాకా పూచీ అమ్మినవాడిది. కానీ కంటైనర్‌ను మనం అప్పగించేది యార్డులో. అక్కడి నుంచి ఓడ దాకా అది మన చేతిలో లేదు, ప్రమాదం మాత్రం మన నెత్తిన ఉంటుంది. కంటైనర్లకు, సరుకు అప్పగించిన చోటే పూచీ తీరిపోయే ఎఫ్‌సీఏ వాడమని అంతర్జాతీయ అమ్మకపు షరతులైన ఇన్‌కోటర్మ్స్ చెబుతూనే ఉన్నాయి. పదకొండు పదాల పట్టిక అది. మధ్యాహ్నం భోజనం లోపు చెప్పేయొచ్చు. అయినా నాన్నగారి కాలం నుంచీ ఎఫ్‌ఓబీ అంటున్నాం కాబట్టి ఎఫ్‌ఓబీయే.

ఈ పనులు నేర్పడానికి కొత్త విశ్వవిద్యాలయం అక్కర్లేదు. గుంటూరు, కాకినాడ, భీమవరం, నెల్లూరు డిగ్రీ కాలేజీల్లో ఆరు నెలల కోర్సు, అందులో సగం కాలం బ్రోకర్ ఆఫీసులోనో కంటైనర్ యార్డులోనో గడపాలన్న షరతు ఉంటే మొదటి అడుగు పడుతుంది. చిక్కల్లా పాఠ్యపుస్తకం దగ్గర. నిజమైన పుస్తకం ఎగుమతిదారుల బీరువాల్లో ఉంది. బ్యాంకులు తప్పులు చూపుతూ పంపిన మెమోలను అందరూ పరువు తక్కువని అడుగున దాచేస్తారు. పేర్లూ ధరలూ నల్ల సిరాతో కొట్టేసి అలాంటివి ఓ వంద బయటికి తీయించగలిగితే, వాటి తాలూకు ఇన్వాయిస్‌లను బీకాం మూడో ఏడాది క్లాసులో బెంచీల మీద పరిచి, సాయంత్రం బెల్లు కొట్టేలోగా ఎంతమంది ఆ తొడిమ పట్టుకున్నారో లెక్కపెట్టొచ్చు.