విమానం కూలిందని చెల్లె కల ఆపాల్నా?



మా హాస్టల్లో ఇంటర్ ఎంపీసీ చదివే చెల్లె ఒకామె పైలట్ అయితనన్నది. వెంటనే గ్రూపులో పాత వార్త తిరగడం మొదలైంది. 2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన సెస్నా 152 శిక్షణ విమానం, కాసేపటికే నల్గొండ జిల్లా తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ యువతి చనిపోయింది. దాని కింద కామెంట్లు: మనకెందుకీ గాలి చదువులు?

ఆ ప్రమాదం జరిగిన తొమ్మిది రోజులకే, మార్చి 7న, మన దగ్గర అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది పోయారు. అయినా బాయి నౌకరి వస్తే వద్దన్నోళ్లను మేమైతే చూడలేదు.

టేకాఫ్ ప్రమాదకరమే. అప్పుడు ఎత్తు తక్కువ, వేగం తక్కువ. ఇంజిన్ ఆగితే చేతిలో ఉండేది క్షణాలే. మనసేమో రన్‌వే దిక్కు వెనక్కి తిరుగుమంటది. అంత కిందుగా తిరగబోతే వేగం పడిపోయి విమానం కంట్రోల్ తప్పుతది. అందుకే ముక్కు దించి ఎదురుగా కనబడ్డ ఖాళీ జాగాలో దింపమని నేర్పుతరు, అలవాటయ్యేదాకా చేయిస్తరు. లేవకముందే ట్యాంకులోంచి కొంచెం ఇంధనం తీసి నీళ్లు కలిసినయేమో చూస్తరు. బాయిలో సర్దార్ పైకప్పు తట్టి చప్పుడు విన్నట్టే. కాబట్టి స్కూల్‌ను అడగాల్సింది ఇవి: ఈ డ్రిల్లులు ఎన్నిసార్లు చేయిస్తరు, విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు? బ్రోచర్ ఫోటోలు చూసి పైసలు కట్టొద్దు.

అసలు అడ్డం పైసలే. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలె, ఖర్చు లక్షల్లో. రాయబరేలీ దగ్గరి ఇందిరాగాంధీ ఉడాన్ అకాడమీ సీట్లలో ఎస్టీ రిజర్వేషన్ ఉంది. ఫీజు కట్టే దారి లేకుంటే అది నిచ్చెన లేని మంచె. ఆ ఫీజు గిరిజన సంక్షేమ శాఖే భరించాలని మనం అడగాలె. బసంత్‌నగర్ల పాత రన్‌వే ఉంది, ఎయిర్‌పోర్ట్ కావాలని అందరూ అంటరు. అక్కడ దిగే విమానం మనోళ్లు నడపొద్దా?

మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. డిగ్రీకి పోతమన్నప్పుడు కూడా ఇదే 'మనకెందుకు' విన్నం.

చెల్లెకు ముందుగా క్లాస్ 2 మెడికల్ చేయించాలె. హైదరాబాద్‌ల డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గరికి తోలుకపోయే అన్నలు, అక్కలు ఉంటే కింద రాయండి. ఆ వార్త మాత్రం మళ్లీ ఫార్వర్డ్ చేయకండి, ఆమె ఇప్పటికే చదివింది.