వేసవికాలమున పెరటితోట

వేసవి వచ్చినంతనే ఆరోగ్య ప్రచారమంతయు నిషేధవాక్యములతో నిండిపోవును. ఎండలో తిరుగరాదు, నిలువయుంచిన ఆహారమును తినరాదు, శుభ్రముకాని నీటిని త్రాగరాదు. ఇవి యన్నియు నిజమే. అయినను వద్దను మాటలతోనే మూడు మాసములు గడుపుట ఎట్టివారికిని కష్టము. విధియని చెప్పిన పనిని మనుష్యుడు నాలుగు దినములు చేసి మానును. ఇష్టమైన పనిని ఎవరును చెప్పకయే చేయుచుండును. అందుచేతనే వేసవి ఆరోగ్యమును గూర్చి మాటలాడునపుడు పెరటితోట ఇచ్చు సంతోషమునకు మొదటి స్థానమీయవలెనని నా అభిప్రాయము.

జంషెడ్‌పూరులోని సీతారాండేరావంటి పేటను ఉదాహరణముగా తీసికొందము. ఈ నగరమున ఉక్కు ఉత్పత్తి 1912లో ప్రారంభమైనది. సాక్చి యను పల్లెకు 1919లో జంషెడ్‌పూరను పేరు వచ్చినది. కర్మాగారములో పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఈ నగరమున స్థిరపడియున్నవి. జంషెడ్జీ టాటా 1902లో తన కుమారునకు వ్రాసిన లేఖలో, కట్టబోవు నగరమునకు విశాలమైన వీథులును, నీడనిచ్చు చెట్లును, తోటలకు చాలినంత స్థలమును ఉండవలెనని కోరెను. కర్మాగారమునకు పునాది పడకముందే ఇచ్చట తోట ఊహింపబడినదన్న మాట.

ఇప్పుడు మన పట్టణములన్నిటియందును పెరటికి ముప్పు వచ్చినది. ఇంటివెనుక నున్న పది అడుగుల నేలను సిమెంటు చేయించినచో బురద యుండదు, ఊడ్చుట సులభము. గది కట్టినచో అద్దె వచ్చును. అద్దె అవసరమైన కుటుంబమును నేను తప్పుపట్టను. కేవలము శుభ్రతకై నేలను కప్పివేయువారు మాత్రము ఒకసారి ఆలోచింపవలెను. మే మాసమున జంషెడ్‌పూరులో ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటును. పగలంతయు ఎండను త్రాగిన సిమెంటు రాత్రి ఆ వేడినే ఇంటిలోనికి వదలును. తడిసిన మన్నును, ఆకులును నీటిని ఆవిరి చేయుచు తమ చుట్టునున్న గాలిని కొంత చల్లబరచును. పెరటివైపు కిటికీ దగ్గర మంచము వేసికొనువారికి ఈ భేదమును వేరుగా చెప్పనక్కరలేదు.

సంతోషమంటిని. అది ఎచ్చట నున్నదో చెప్పెదను. ఈ ప్రాంతమున మే మాసములో ఐదు గంటలు దాటిన కొలది నిమిషములకే సూర్యుడుదయించును; హైదరాబాదుకంటె అరగంట ముందే తెల్లవారును. ఆ వేళ పెరటిలోనికి వచ్చినవారికి నేతిబీర పూలు విచ్చియుండుట కనబడును. ఇరుగుపొరుగు హిందీవారు దీనిని నెనువా యందురు. బీర దాని చుట్టమే యైనను దాని పూలు సాయంకాలము గాని విచ్చవు. ఒకే పందిరిపై రెండు తీగలను ప్రాకించినవారికి ఉదయమొకటి, సాయంకాలమొకటి పలుకరింపు. మునగచెట్టు విషయమున భాషాభేదము కూడ లేదు. మనము మునగ యనిన వారు మునగా యందురు. "దీదీ, రెండు రెమ్మలు కోసికొందునా?" అని గోడ ప్రక్కనుండి ఎవరో అడుగుట, వారి కూర రుచి మరునాడు మన యింటికి గిన్నెలో వచ్చుట ఈ పేటలలో వింత కాదు. తినుటకు పనికివచ్చునవే నాటవలెనని పట్టుపట్టు పెద్దలు కొందరు కలరు. వారితో నేనేకీభవింపను. మల్లెపొద లేని పెరడేమి పెరడు?

తోటకూర విత్తిన నెల దినములలోపుననే కోతకు వచ్చును. బచ్చలి ఎండకు వెరవదు. బెండ, ఆనప, కాకర కొంచెము శ్రద్ధ కోరును. పెద్దలు ప్రతిదినము కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చిన్న పెరడు అంతయు ఈయజాలదు. ఇచ్చునని చెప్పుట మోసము. అయితే వేసవిలో బజారు ఆకుకూర మధ్యాహ్నమునకే వాడిపోవును. అప్పుడే కోసి కడిగి వండిన కూరలో విటమిన్ సి నష్టము తక్కువ. కూరలో కొంచెము నూనె చేర్చినచో అందలి కెరోటీను శరీరమునకు బాగుగ పట్టును. పైన నిమ్మరసము పిండినచో ఇనుము పట్టును. తన చేతితో నీరుపోసిన తోటకూరను తిననని మారాము చేయు బిడ్డలు తక్కువ.

నీటి మాట చెప్పక తప్పదు. కుళాయి వద్ద వరుసలో నిలిచి తెచ్చుకొను నీటిని మొక్కకు పోయుమని ఎవరును చెప్పజాలరు. బియ్యము, కూరగాయలు కడిగిన నీరు చాలవరకు సరిపోవును. దానిని తెల్లవారుజామునగాని సందెవేళగాని మొదట్లో పోసి, పైన ఎండుటాకులు పరచినచో తడి నిలుచును. మురుగుకాలువ నీటిని ఆకుకూరలకు ఎన్నడును పోయరాదు.

తోటపని కూడ ఎనిమిది గంటలకు ముగియవలెను. పండ్రెండు మొదలు మూడు గంటలవరకు పెరటిలో ఎవరును ఉండరాదు. వృద్ధులకు దాహము వెంటనే తెలియదు. కనుక వారు అడుగకముందే నీరో, మజ్జిగయో ఈయవలెను. ఎండలో నున్నవారికి ఒళ్లు కాలిపోవుచు మాట తడబడినచో అది వడదెబ్బ యని యెంచి, వెంటనే నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లంతయు తుడుచుచు గాలి విసరి, 108 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. స్పృహలేనివారి నోట నీరు పోయరాదు.

మొక్కలకై నీటిని తొట్టెలో నిలువచేయుట మంచిదే, కాని మూత లేని తొట్టి డెంగీ దోమకు పుట్టినిల్లు. గ్రుడ్డు దోమయగుటకు సుమారు ఏడు మొదలు పది దినములు పట్టును. గ్రుడ్లు తొట్టిగోడకు అంటుకొని, నీరు లేకున్నను మాసములకొలది బ్రదికియుండును. కావున వారమునకొకమారు నీటిని మొక్కలకు పారబోసి గోడలను గట్టిగా రుద్దవలెను. ఇందుకు బజారు బ్రష్షు కొననక్కరలేదు. ఒక బీరకాయను కోయక తీగమీదనే ఎండనిచ్చి, గింజలను తొలకరికి దాచి, మిగిలిన పీచును తొట్టి ప్రక్కన మేకునకు తగిలించుకొనవచ్చును.